జన్మతః పౌరసత్వం: ఒక డెట్రాయిట్‌ వకీలు వాక్యం

హెచ్‌-1బీ వీసాపై అమెరికాలో ఉంటున్న తెలుగు దంపతులకు అక్కడ పుట్టే బిడ్డ ఆ దేశ పౌరుడవుతాడా అన్న అనుమానం 2025 జనవరి 20 దాకా ఎవరికీ పెద్దగా లేదు. తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారో కానప్పుడు బిడ్డకు పౌరసత్వం రాదని అధ్యక్షుడు ట్రంప్‌ ఆ రోజు ఉత్తర్వు ఇచ్చారు. కింది కోర్టులు దాన్ని అడ్డుకున్నాయి. ఈ వాదంలో ఇరుపక్షాలూ సాక్షిగా పిలిచే పాత సెనేటర్‌ జేకబ్‌ హోవర్డ్‌.

1805లో వెర్మాంట్‌ రాష్ట్రంలో పుట్టిన హోవర్డ్‌ 1832లో డెట్రాయిట్‌ చేరి వకీలుగా స్థిరపడ్డారు. విగ్‌ పార్టీ తరఫున ఒక విడత ప్రతినిధుల సభకు వెళ్లారు. 1854 జులైలో బానిసత్వ వ్యతిరేకులు మిషిగన్‌లోని జాక్సన్‌ పట్టణంలో సమావేశమై రిపబ్లికన్‌ పార్టీ పేరు ఖాయం చేసుకున్నప్పుడు, తీర్మానాలు రాసే పని ఆయన చేతికే వచ్చింది. ఆ తర్వాత రాష్ట్ర అటార్నీ జనరల్‌గా, 1862 నుంచి 1871 దాకా సెనేటర్‌గా పనిచేశారు.

నల్లజాతివారు పౌరులు కాజాలరని 1857లో డ్రెడ్‌ స్కాట్‌ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అంతర్యుద్ధం తర్వాత శాశ్వతంగా తుడిచేయాల్సి వచ్చింది. అయితే ప్రతినిధుల సభ పంపిన రాజ్యాంగ 14వ సవరణ ముసాయిదాలో పౌరుడెవరో చెప్పే మాటే లేదు. సెనేట్‌లో దాన్ని నడిపించాల్సిన సెనేటర్‌ ఫెసెండెన్‌ జబ్బుపడటంతో ఆ బాధ్యత హోవర్డ్‌ మీద పడింది. అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధికి లోబడినవారంతా పౌరులేనన్న వాక్యాన్ని 1866 మే 30న ఆయనే ప్రతిపాదించారు.

చిక్కంతా ఆయన ఇచ్చిన వివరణలో ఉంది. ఇది విదేశీయులకు, పరదేశస్థులకు, రాయబారుల కుటుంబాలవారికి వర్తించదన్నట్టుగా ఆయన మాట సాగింది. ఆంగ్ల మూలంలో ఆ మూడింటి మధ్య ‘లేదా’ లేదు, కామాలే ఉన్నాయి. (ఆ కామాలైనా ఆయనవి కాకపోవచ్చు, ప్రసంగాన్ని రాసుకున్న లేఖకులవి అయి ఉంటాయి.) ఉత్తర్వు సమర్థకులు వాటిని మూడు వర్గాలుగా చదువుతారు. రాయబారి కుటుంబీకులనే మూడు మాటల్లో చెప్పారన్నది ఎదుటివారి వాదన. మిగిలిన అన్ని వర్గాలవారికీ ఇది వర్తిస్తుందని అదే వాక్యం ముగుస్తుంది గనుక రెండో అర్థమే సహజమనిపిస్తుంది. పైగా చైనీయుల పిల్లల సంగతేమిటని పెన్సిల్వేనియా సెనేటర్‌ కోవన్‌ అభ్యంతరం చెప్పినప్పుడు, వారూ పౌరులేనని కాలిఫోర్నియా సెనేటర్‌ కానెస్‌ సభలోనే బదులిచ్చారు.

హోవర్డ్‌ 1871లో కన్నుమూశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీయ దంపతులకు పుట్టిన వాంగ్‌ కిమ్‌ ఆర్క్‌ పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు 6-2తో తేల్చింది. అయితే ఆ తల్లిదండ్రులు అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకున్నవారని తీర్పు పేర్కొంది. వీసా కుటుంబాల విషయంలో ఉత్తర్వు సమర్థకులు పట్టుకున్నది ఆ మాటనే.