వ్యాక్స్ సీల్ వేసిన శుభలేఖలు పోస్ట్ చేస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

"పోస్టాఫీసు కౌంటర్‌లో బతిమాలి మరీ స్టాంపుల మీద చేత్తో ముద్ర వేయించామండీ. అయినా సీల్ ఊడిపోయి చేరాయట. ఇంకా డెబ్బై కార్డులు పంపాలి, ఇప్పుడేం చేయను?"

శుభలేఖలు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటి ఫోన్లు నాకు వస్తూనే ఉంటాయి. గొంతులో ఏడుపు ఆపుకుంటూ అడుగుతారు. రంగు, అచ్చు, కాగితం అన్నీ ఏరికోరి ఎంచుకుని, రాత్రుళ్లు కూర్చుని, కరిగించిన వ్యాక్స్ మీద అచ్చు నొక్కి ఒక్కో సీలూ స్వయంగా వేసుకున్నవాళ్లు. వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఎవరో నమ్మకంగా చెప్పారు, వీళ్లు నమ్మారు. పరీక్షించి చూడకుండా ఆ మాటను ఒకరి నుంచి ఒకరికి అందించేవాళ్ల మీదే నాకు కోపం. అందుకే ముందు దాని సంగతి.

అపోహ: స్టాంపు మీద చేత్తో ముద్ర వేయిస్తే కవరు మెషీన్‌లోకి వెళ్లదు.

వాస్తవం: వెళ్తుంది. ఆ ముద్ర చేసే పని ఒక్కటే, స్టాంపును ఎవరూ మళ్లీ వాడకుండా రద్దు చేయడం. ఉత్తరం ప్రయాణంలో అది మొదటి మెట్టు. ఊళ్ల వారీగా, వీధుల వారీగా వేరుచేసే పని ఆ తర్వాత మొదలవుతుంది. పెద్ద తపాలా వ్యవస్థల్లో ఆ పని యంత్రాలదే. రెండు బెల్టుల మధ్య కవరును నొక్కిపట్టి, రోలర్ల చుట్టూ వంచుతూ గంటకు 30 వేలకు పైగా ఉత్తరాలను పరుగెత్తించే యంత్రాలున్నాయి. బయల్దేరిన చోట ఒకసారి, చేరే చోట ఇంకోసారి, కొన్నిసార్లు మధ్యలోనూ ఉత్తరం యంత్రం ఎక్కుతుంది. కౌంటర్‌లో ఉన్నాయన ఎంత శ్రద్ధగా ముద్ర వేసినా, అవతలి ఊళ్లో మీ కవరు ఏ ట్రేలో పడుతుందో ఆయన చేతిలో లేదు.

బల్లపరుపుగా ఉన్న కవరు మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల గడ్డ. దాని అంచు బెల్టుకో రోలర్‌కో తగులుతుంది. గట్టి వ్యాక్స్ అయితే పగులుతుంది. సాగే వ్యాక్స్ అయితే కాగితం పై పొరను పట్టుకుని మరీ లేచొస్తుంది. ఒక్కోసారి ఫ్లాప్ మొత్తం చిరుగుతుంది.

"మెషీన్‌కు పనికిరాని ఉత్తరాల రేటు కట్టాం కదా" అనేవాళ్లూ ఉన్నారు. ఆ రేటు ఉన్న చోట కట్టాల్సిందే. ఉదాహరణకు అమెరికాలో గట్టిగా వంగని కవర్లకు, మందం ఎగుడుదిగుడుగా ఉన్నవాటికి, చదరంగా ఉన్నవాటికి ఆ అదనపు రుసుము ఉంది. కానీ రుసుము కట్టినంత మాత్రాన ప్రతి కేంద్రంలో ఎవరో ఒకరు మీ కవరును విడిగా తీసి పక్కన పెడతారని ధీమాగా ఉండకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, కొత్తలో నేనూ ఇదే సలహా ఇచ్చాను. 140 కార్డులు, ముదురు ఎరుపు సీళ్లు, చూడముచ్చటగా ఉన్నాయి. అన్నిటికీ చేత్తో ముద్ర వేయించాం. వారం తిరక్కుండానే పెళ్లికూతురి అమ్మమ్మగారి దగ్గర్నుంచి ఫోన్. కవరు నోరు తెరుచుకుని వచ్చిందట, పెళ్లికి వస్తున్నారో లేదో రాసి పంపే జవాబు కార్డు లోపల లేదట. "నీ పనిని తప్పుపట్టడం లేదమ్మా, లోపల ఏదో ఉండాల్సింది పోయినట్టుంది" అన్నారావిడ. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. దెబ్బతిన్నవన్నీ నా ఖర్చుతో మళ్లీ వేయించి ఇచ్చాను. ఆ తర్వాత బయటి కవరు మీద సీల్ వేసి ఎవరికీ ఇవ్వలేదు.

దారి ఒక్కటే. సీల్ లోపలి కవరుకు. అడ్రసు, స్టాంపు బయటి సాదా కవరుకు. బెల్టుకు తగిలేది నున్నని కాగితం కాబట్టి సీల్ అంచును లాగేసే అవకాశం ఉండదు. అతిథి బయటి కవరు తీయగానే సీల్ కళ్లెదుట ఉంటుంది, అందం ఎక్కడికీ పోదు. బయటి కవరు వేసినా లోపల గడ్డ అలాగే ఉంటుంది కాబట్టి సీల్ పలుచగా, సాగే వ్యాక్స్‌తో వేయాలి. అన్నీ పంపేముందు ఉత్త కాగితాలు పెట్టిన నాలుగు కవర్లు మీ ఇంటికీ, దూరంగా ఉన్న స్నేహితులకూ పోస్ట్ చేసి చూడండి. ఎంత తొందర ఉన్నా ఇది మానొద్దు.

అపోహ: సీల్ ఉంటే గమ్ అక్కర్లేదు. "పూర్వం రాజులు అలాగే పంపేవారు కదా" అంటారు.

వాస్తవం: పంపేవారు, నిజమే. అప్పట్లో కవరే లేదు. రాసిన కాగితాన్నే మడిచి, ఆ మడత మీద ముద్ర వేసేవారు. లక్క పెళుసుగా ఉండటమే అక్కడ కావాల్సింది, మధ్యలో ఎవరైనా విప్పితే ముద్ర విరిగి తెలిసిపోవాలి. దాన్ని మోసుకెళ్లింది మనిషి, బెల్టు కాదు. ఇప్పుడు మీ కవరును మూసి ఉంచాల్సింది గమ్మే, సీల్ అలంకారం. ఫ్లాప్ అంచు మొత్తానికీ గమ్ రాసి, ఆరాక సీల్ వేయండి. నేను చెప్పిన అమ్మమ్మగారి కార్డులో జరిగిన పొరపాటు కూడా ఇదే. గమ్ ఉండి ఉంటే సీల్ ఒక్కటే పోయేది, జవాబు కార్డు మిగిలేది.

సాగే వ్యాక్స్ కొన్నాం, ఇక భయం లేదనుకోకండి. అది అంత తేలిగ్గా పగలదు, అంతే. అతుక్కోవడం మాత్రం కాగితాన్ని బట్టి ఉంటుంది. మెరుపు పూత ఉన్న కాగితం మీద, వెల్లమ్ (అవతలిది లీలగా కనిపించే కాగితం) లాంటి నున్నటి కాగితం మీద సీల్ గోరు పెట్టి లేపితే చటుక్కున వచ్చేస్తుంది. అలాంటి కాగితమే కావాలంటే సీల్‌ను విడిగా వేసుకుని, వెనక గట్టి గమ్ చుక్కతో అతికించండి.

బరువు, మందం విషయంలో కూడా చాలామంది నష్టపోతారు. సీల్ వేయకముందే ఒక కార్డు తూచి, ఆ లెక్కన స్టాంపులన్నీ కొనేస్తారు. సీల్ బరువు తక్కువే అయినా కార్డు అప్పటికే హద్దు దగ్గర ఉంటే అదే చాలు దాటించడానికి. బ్రిటన్‌లో మామూలు ఉత్తరం మందం 5 మిల్లీమీటర్లు దాటితే పై రేటు పడుతుంది. కొలిచేది సీల్ ఉన్న చోట కొలవాలి. రిబ్బన్, లోపలి కార్డులు, రెండో కవరు అన్నీ పెట్టి పూర్తిగా సిద్ధమైన ఒక కవరును కౌంటర్‌కు పట్టుకెళ్లి తూయించండి. స్టాంపు చాలకపోతే కవరు వెనక్కి రావచ్చు, లేదా అతిథి దగ్గర తేడా వసూలు చేయవచ్చు. పెళ్లికి పిలుస్తూ వాళ్లతో డబ్బు కట్టించడం ఎవరికి ఇష్టం?

మిగతావి క్లుప్తంగా. కొవ్వొత్తి కరిగించి సీల్ వేయొచ్చన్నది తప్పు, కాగితం మీద నూనె మరక మిగులుతుంది. సీల్ ఉంటే పోస్టాఫీసువాళ్లు తీసుకోరన్నది పుకారు. అచ్చు వ్యాక్స్‌కు అంటుకుంటోందంటే వ్యాక్స్ నాసిరకమని పారేయకండి, ఎక్కువసార్లు అసలు కారణం అచ్చు వేడెక్కడమే. రెండు సీళ్ల మధ్య ఐస్ ప్యాక్ మీద పెట్టి, తడి తుడిచి వాడండి. ఎండాకాలంలో మాత్రం జాగ్రత్త. తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకంటే చాలా ముందే మెత్తబడుతుంది. సీల్ మీద పలుచని టిష్యూ కాగితం కప్పితే పక్కదానికి అంటుకోదు.

ఆ డెబ్బై కార్డుల అమ్మాయికి కూడా ఇదే చెప్పాను. టెన్షన్ పడకు, సాదా కవర్లు కొను, ఫ్లాప్‌లకు గమ్ రాయి, ముందు నాలుగు పంపి చూడు అన్నాను. ఐదో రోజు ఫోటోలు పంపింది. మూడు సీళ్లు చెక్కుచెదరలేదు, ఒకటి అంచున చిట్లింది. అది మిగతావాటి కంటే మందంగా ఉంది. మందంగా ఉన్న సీళ్లను ఏరి తీసేసి, వాటి బదులు పలుచగా వేసుకుని, మర్నాడు డెబ్బై కార్డులూ పోస్ట్ చేసింది.