ప్రధాన సంఖ్య దొరికితే బ్యాంకు తాళం తెరుచుకోదు

సర్వర్ల భద్రత చూసే ఉద్యోగం నాది. కొత్త ప్రధాన సంఖ్య దొరికిందని వార్త వస్తే చాలు, బంధువుల ఫోన్లు మొదలవుతాయి. 2024 అక్టోబరులో 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 బయటపడినప్పుడు మా పిన్ని, "నాన్నా, ఎఫ్‌డీ తీసేయమంటావా?" అని అడిగింది. పాపం, ఎవరో వాట్సాప్‌లో భయపెట్టారు.

అపోహ: పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుర్తుపట్టే దారి తెలిస్తే, బ్యాంకుల వంటివి ఆన్‌లైన్ సమాచారానికి తాళం వేసే ఆర్‌ఎస్‌ఏ పద్ధతి పని అయిపోయినట్టే.

వాస్తవం: కాదు. ఒక సంఖ్య ప్రధానమో కాదో తేల్చడం వేరు, దాని కారణాంకాలు బయటకు లాగడం వేరు. 2⁶⁷ − 1 ప్రధాన సంఖ్య కాదని గణితవేత్త లూకాస్ 1876లోనే తేల్చాడు, ఒక్క కారణాంకం కూడా చూపించకుండా. అవి 193707721, 761838257287 అని ఫ్రాంక్ కోల్ చెప్పేసరికి 1903 వచ్చింది.

2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఒక సంఖ్య ప్రధానమో కాదో తేల్చే అద్భుతమైన పరీక్ష ఇచ్చారు. దానితో ఆర్‌ఎస్‌ఏ కూలిందని ఇప్పటికీ ఫార్వర్డులు తిప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ పరీక్ష అవునో కాదో చెబుతుంది, అంతే. అసలు ప్రధానతను త్వరగా తేల్చగలగడం మీదే ఆర్‌ఎస్‌ఏ నడుస్తోంది. సర్వర్ సుమారు 309 అంకెల బేసి సంఖ్యను యాదృచ్ఛికంగా తీసుకుని పరీక్షిస్తుంది, కాకపోతే ఇంకొకటి. ఆ సైజులో దాదాపు 355 బేసి సంఖ్యలకు ఒకటి ప్రధానం కాబట్టి త్వరగానే దొరుకుతుంది. అలాంటి రెండింటిని గుణిస్తే వచ్చే 617 అంకెల సంఖ్యే అందరికీ కనిపించే కీ. దాన్ని మళ్లీ ఆ రెండుగా విడదీయడమే కష్టం. 2020లో 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్యను విడదీయడానికే బోలెడన్ని కంప్యూటర్లు కావాల్సి వచ్చింది.

ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్లున్నారు. మా ఊళ్లో రిటైరైన లెక్కల మాస్టారొకాయన నోట్‌బుక్ పట్టుకొచ్చారు. ప్రధాన సంఖ్యలు పుట్టించే, బ్యాంకులు కొనుక్కునే సూత్రమట, పేటెంట్ ఇప్పిస్తానన్న ఏజెంటుకు అప్పటికే డబ్బు కట్టేశారు. చూస్తే n² + n + 41. గణితవేత్త ఆయిలర్ పేరుతో ఎప్పటినుంచో ఉన్నదే. 0 నుంచి 39 వరకు ప్రధాన సంఖ్యలే ఇస్తుంది, 40 దగ్గర 41 × 41 వస్తుంది. గణిత పద్ధతులకు మన పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(కె) ప్రకారం పేటెంటే రాదు. ఆ మాట ఏజెంటు చెప్పడు కదా. మాస్టారి ముఖం చూడలేక, బీజగణితం గురించే చాలాసేపు మాట్లాడుకున్నాం.

మిగతావి గబగబా.

అతిపెద్ద ప్రధాన సంఖ్యే బ్యాంకు తాళమా? ఊరందరికీ తెలిసినది రహస్యం ఎలా అవుతుంది? ఎలిప్టిక్ కర్వ్ అనే మరో తాళం పద్ధతిలో 2²⁵⁵ − 19 లాంటివి బాహాటంగానే వాడతారు, అక్కడ దాచేది వేరే సంఖ్యని.

ప్రధాన సంఖ్యలు అయిపోతాయా? అంతం లేదని యూక్లిడ్ ఏనాడో రుజువు చేశాడు.

కనిపెడితే కోట్లా? 10 కోట్ల అంకెలు దాటినదానికి 1,50,000 డాలర్ల బహుమతి ఉంది. 2024లో దొరికినది 4.1 కోట్ల అంకెలే. ముందు కరెంటు బిల్లు లెక్కేసుకోండి.

నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. ఆన్ చేయగానే సరైన యాదృచ్ఛికత లేకుండా కీ తయారుచేసుకునే చవక పరికరాలు ఒకే ప్రధాన సంఖ్యను పంచుకుంటాయి. అప్పుడు కారణాంకాలు విడదీయక్కర్లేదు. రెండు కీల గసాభా తీస్తే రెండూ తెరుచుకుంటాయి. 2012లో పరిశోధకులు ఇంటర్నెట్ అంతా గాలించి ఇలాంటి వేలాది కీలను బయటపెట్టారు. అందులో ఎక్కువ రౌటర్లు, ఫైర్‌వాల్‌ల వంటివే. మీ ఆఫీసులో అలాంటి పాతవి ఉంటే ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, కీలు కొత్తగా తయారుచేయించండి. అప్‌డేట్ ఒక్కటే చేస్తే పాత కీ అలాగే ఉండిపోతుంది.