గ్యాస్ కాదు, గ్యాప్

పొద్దున ఏడింటికి బయల్దేరితే ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మధ్యాహ్నం ఒంటిగంటకి విజయవాడ ట్రాఫిక్‌లో ఇరుక్కోగానే వేడిగాలి కొడుతుంది, బండిని ఓ గంట నీడన పెట్టి తీస్తే మళ్ళీ చల్లగానే ఉంటుంది. మా పాత కారుకి రెండు వేసవులు ఇదే జబ్బు. ఎక్కడ చూపించినా ఒకటే మాట: "గ్యాస్ అయిపోయింది సార్, కొట్టిద్దాం." కొట్టించాను, రెండుసార్లు. డబ్బులు పోయాయి గానీ జబ్బు పోలేదు.

మూడోసారి ఒక పెద్దాయన బానెట్ తెరిచి, ఏసీ ఆన్ చేయించి, చేతులు కట్టుకుని పావుగంట ఊరికే చూస్తూ నిలబడ్డాడు. కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ని నొక్కి గొట్టాల్లో తిప్పే పంపు) ముందు తిరిగే ప్లేటు ఆగిపోయిన క్షణంలో పొడవాటి కర్రముక్కతో దాన్ని మెల్లగా నెట్టాడు. టక్ మని పట్టేసింది, లోపల చల్లగాలి మొదలైంది. "గ్యాస్ కాదు సార్, గ్యాప్ ఎక్కువైంది" అన్నాడు. (ఇంజిన్ తిరుగుతుండగా కర్ర పెట్టడం ఆయనకి చెల్లింది, మీరు చేయకండి.)

గ్యాప్ అంటే ఏమిటో చెప్తాను. ఇంజిన్ తిరిగినంతసేపూ బెల్ట్ తిరుగుతుంది, బెల్ట్‌తో పాటు కంప్రెసర్ మీది పుల్లీ కూడా తిరుగుతూనే ఉంటుంది, కానీ ఏసీ ఆపి ఉన్నప్పుడు కంప్రెసర్ మాత్రం తిరగదు. ఎందుకంటే పుల్లీకీ లోపలి ఇరుసుకీ మధ్య ఒక అయస్కాంతపు క్లచ్ ఉంటుంది. బటన్ నొక్కితే పుల్లీ వెనకున్న రాగి చుట్టలోకి 12 వోల్టుల కరెంటు వెళ్ళి అది అయస్కాంతం అవుతుంది, ఎదురుగా ఉన్న ఇనుప ప్లేటుని లాక్కుని పుల్లీకి అతికిస్తుంది. మనకి వినపడే ఆ "టక్" అదే. రెండింటి మధ్య ఖాళీ మామూలుగా అర మిల్లీమీటరు, అటూ ఇటుగా. పట్టిన ప్రతిసారీ ప్లేటు కొంచెం రాసుకుని అరుగుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఖాళీ పెరుగుతుంది, అయస్కాంతం ఇంకొంచెం దూరం నుంచి లాగాల్సి వస్తుంది.

మరి పొద్దున పట్టి మధ్యాహ్నం ఎందుకు వదిలేస్తుంది? రాగి వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గరున్న చుట్ట ఎండలో, ఇంజిన్ సెగలో 100 డిగ్రీలకి చేరితే నిరోధం నాలుగో వంతు పైనే పెరిగి, కరెంటు ఐదో వంతు తగ్గుతుంది. లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది ఇంకా ఎక్కువే పడిపోతుంది. సరైన గ్యాప్ ఉన్న క్లచ్ దీన్ని తట్టుకుంటుంది, అరిగినది తట్టుకోలేదు. మా బండికి మందు ఏమిటంటే, ప్లేటు విప్పి లోపలున్న పల్చటి వాషర్లలో ఒకటి తీసేయడం. అరగంట పని. కొత్త కంప్రెసర్ వేయించుకోమని కూడా ఒకరు సలహా ఇచ్చారని గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మధ్యాహ్నం ఆగిపోయే ప్రతి ఏసీకీ కారణం గ్యాపే అనను, కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే, బండి ముందుండే జాలీ) ఫ్యాన్ తిరగక ప్రెషర్ పెరిగిపోయినా, తుప్పు పట్టిన ఎర్త్ వైరు వల్ల క్లచ్‌కి వోల్టేజీ సరిగా అందకపోయినా ఇలాగే ఉంటుంది. కానీ ఇవన్నీ చూశాకే గ్యాస్ జోలికి పోవాలి.

అసలు ఏసీ గ్యాస్ పెట్రోల్ లాంటిది కాదు, వాడితే అయిపోదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ద్రవంగా, ఆవిరిగా మారుతూ చుట్టూ తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. పాత కార్లలో ఏళ్ళ తరబడి రబ్బరు గొట్టాల్లోంచి కొంచెం కొంచెం పోవడం మామూలే, కానీ ఒక్క సీజన్‌లోనే ఖాళీ అయితే కారే చోటు పట్టుకోకుండా నింపడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. కీళ్ళ దగ్గర దుమ్ము పట్టిన నూనె మరక కనపడితే ముందు అక్కడే అనుమానించాలి.

ఇంకో మోసం ప్రెషర్ మీటరు దగ్గర జరుగుతుంది. తొంభైల మధ్య నుంచి కార్లలో ఎక్కువగా వాడింది ఆర్-134ఎ అనే గ్యాస్. ఏసీ ఆపి ఉండగా, 30 డిగ్రీల దగ్గర, దాని ప్రెషర్ సుమారు 97 పిఎస్ఐ ఉంటుంది. సగం గ్యాస్ పోయినా, లోపల కాస్త ద్రవం మిగిలినంతవరకూ మీటరు అదే అంకె చూపిస్తుంది. వంటగ్యాస్ బండలో ఎంత మిగిలిందో తెలియాలంటే ఎత్తి చూస్తాం కదా, ఇదీ అంతే. పాతది పూర్తిగా తీసి, వాక్యూమ్ పట్టి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు తూకం వేసి ఎక్కించడమే సరైన పద్ధతి. వాక్యూమ్ ఎందుకంటే, గాలి తీసేసిన చోట నీళ్ళు మామూలు వేడికే మరిగిపోతాయి, లోపలి తేమంతా ఆవిరై బయటికొస్తుంది. లోపలి నూనెకి తేమ పీల్చుకునే గుణం ఉంది, తేమ మిగిలితే మెల్లగా లోహాన్ని తినేస్తుంది.

నూనె మాటకొస్తే, కంప్రెసర్‌కి ఇంజిన్‌లాగా వేరే ఆయిల్ పంపు ఉండదు. గ్యాస్‌తో కలిసి తిరిగే నూనే దానికి ప్రాణం. గ్యాస్ బాగా తగ్గితే నూనె తిరిగి రాదు, అలాంటప్పుడు కంప్రెసర్ తిరగకుండా ఆపడానికే ఒక చిన్న ప్రెషర్ స్విచ్ పెట్టారు. కొందరు ఆ స్విచ్ వైర్లు కలిపేసి "డైరెక్ట్ ఇచ్చేశాం సార్" అంటారు. ఆ మాట వినపడితే వెంటనే తీయించండి. నూనె లేకుండా తిరిగిన కంప్రెసర్ జామ్ అవ్వడమే కాదు, ఇనుప రజను గొట్టాలన్నిటిలోకీ చిమ్ముతుంది, ఇక కంప్రెసర్ ఒక్కటి మారిస్తే సరిపోదు. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయమనేది ఇందుకే, ఇరుసు దగ్గరున్న సీలు నూనె తగలక ఎండిపోతే గ్యాస్ అక్కడినుంచే పోతుంది.

ఇక బెల్ట్. పాత బళ్ళలో వి ఆకారపు బెల్ట్ ఎక్కువ. అది పుల్లీ గాడి అడుగున ఆనకూడదు, రెండు పక్కల గోడల మధ్య మేకులా బిగుసుకోవాలి. గాడి కోణం 38 డిగ్రీలు ఉంటే, ఆ బిగింపు వల్ల పట్టు చదును బెల్ట్‌తో పోలిస్తే సుమారు మూడు రెట్లవుతుంది. బెల్ట్ అరిగి సన్నబడి అడుగుకి దిగిందంటే ఎంత బిగించినా జారుతుంది. గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే అది దిగిపోయిందన్నమాట, మార్చేయండి. బిగుతు చూడ్డానికి, ఇంజిన్ ఆపి, తాళం చేతిలో పెట్టుకుని, రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే చాలా బళ్ళలో సెంటీమీటరు లోపు దిగాలి. అరుస్తోందని ఇంకా ఇంకా బిగిస్తే బేరింగులు పోతాయి. సబ్బు రాయడం, స్ప్రే కొట్టడం రెండు రోజుల ముచ్చట.

బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ని కూడా తిప్పే గీతల బెల్ట్ అయితే ఒక చిట్కా ఉంది. అరుస్తున్నప్పుడు చేయి దూరంగా ఉంచి బెల్ట్ గీతల మీద కొంచెం నీళ్ళు చల్లండి. అరుపు కాసేపు ఆగి మళ్ళీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేవు, పెరిగితే బెల్ట్ జారుతోంది. ఏసీ వేసినప్పుడే అరిస్తే మాత్రం బానెట్ ముందుకి వెళ్ళి కండెన్సర్ చూడండి. రెక్కల మధ్య మట్టి, పురుగులు పేరుకుంటే వేడి బయటికి పోదు, ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ తిప్పడం బరువవుతుంది, ఆ బరువుకే బెల్ట్ ఏడుస్తుంది. సన్నటి ధారతో కడిగితే చాలు, ప్రెషర్ పంపుతో దగ్గర్నుంచి కొడితే రెక్కలు వంగిపోతాయి.

ఏసీకి వేరే బెల్ట్ ఉన్న పాత బండి దారిలో పుల్లీ బేరింగు జామ్ అయి ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. ఇంజిన్ ఆపి ఆ ఒక్క బెల్ట్ కోసేసి, అద్దాలు దించుకుని ఇంటికి వచ్చేయొచ్చు. (ఒకే బెల్ట్ వాటర్ పంపుని కూడా తిప్పే బళ్ళలో ఇది కుదరదు, ఇంజిన్ వేడెక్కి పోతుంది.) అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడల్ కార్లకి ఫ్యాక్టరీ నుంచే ఏసీ పెట్టినప్పుడు క్లచ్ అనేదే లేదు. చలి వేస్తే డ్రైవర్ బండి ఆపి, ఇంజిన్ ఆపి, దిగి, బానెట్ ఎత్తి, చేత్తో బెల్ట్ ఊడదీసేవాడు.