ముప్పేట వెలుగు

దేవరకొండ దగ్గర ఒక బడిలో సైన్స్ దినోత్సవం నాడు తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి అడిగింది: "సార్, వెలుతురు సక్కగ పోతదంటిరి గద, దాన్ని తాడు లెక్క పేనరాదా?"

పేనొచ్చు. 1992లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో భౌతిక శాస్త్రవేత్త లెస్ అలెన్ బృందం తేల్చిన సంగతి అదే. ఆ పిల్ల తాడు అనగానే నాకు మా తాత కళ్ల ముందు కనబడ్డాడు. వాకిట్లో గోగునార పేనుతూ ఒక కొస నాకిచ్చి, "పురి సడలనియ్యకు బిడ్డా" అనేవాడు. ముప్పేట తాడులో ఒక పేటకు సున్నం బొట్టు పెట్టి చూడండి. ఆ పేట ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేలోపు మిగతా రెండు పేటలు కనిపించి పోతాయి. ఈ సున్నం బొట్టును మరిచిపోకండి, ముందు ముందు పనికొస్తుంది.

మామూలు లేజర్ కిరణంలో తరంగ శిఖరాలు అప్పడాల దొంతరలా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. బోర్డు మీద వంకర గీత గీసి వదిలేస్తాం కాబట్టి పిల్లలకు ఈ సంగతి తెలియదు. పురి ఎక్కిన కిరణంలో ఆ శిఖరాలే పేటల్లా మెలి తిరుగుతూ సాగుతాయి. నట్టనడుమ శిఖరాలు, లోయలు అన్నీ ఒకచోట కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకే గోడ మీద చుక్క పడదు, నడుమ చీకటి ఉన్న వలయం పడుతుంది.

కంటికి కనిపించే కాంతికి పురి పెట్టడం తేలిక. చుట్టూ మందం కొంచెం కొంచెంగా పెరిగే గాజు బిళ్ల చాలు. 30 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (శిఖరానికీ శిఖరానికీ నడుమ దూరం) ఉన్న కాంతితో అట్లా కుదరదు. దాన్ని గాజు మింగేస్తుంది, గాలి కూడా మింగేస్తుంది. కాబట్టి 800 నానోమీటర్ల పరారుణ లేజర్‌కు ముందే ఒక పేట పురి పెట్టి, గాలి తీసేసిన గదిలో ఆర్గాన్ వాయువు మీద గురిపెడతారు. లేజర్ కాంతిలోని విద్యుత్ క్షేత్రం పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగేస్తుంది, దిశ మారగానే వెనక్కి విసురుతుంది. తిరిగొచ్చి పరమాణువులో కలిసే ఎలక్ట్రాన్ ఆ శక్తినంతా ఒకే ఫోటాన్‌గా, అంటే ఒకే కాంతి రేణువుగా వదులుతుంది. ఒక్కో ఆవృత్తిలో ఇది రెండుసార్లు జరుగుతుంది కాబట్టి బేసి లెక్కలే బయటికొస్తాయి: 21, 23, 25 లేజర్ ఫోటాన్ల శక్తి ఒక్కదానిలో. వీటినే 21వ, 23వ, 25వ హార్మోనిక్ అంటారు. 1987లో భౌతిక శాస్త్రవేత్త ఆన్ లూయిలియే ఫ్రాన్స్‌లో ఆర్గాన్‌తో గమనించిన వెలుగు ఇదే. 2023 నోబెల్‌లో ఆమెకు వాటా దక్కింది.

ఇప్పుడు పురి ఏమైనట్టు? వలయం చుట్టూ ఉన్న పరమాణువులన్నీ ఒకేసారి వెలగవు. లేజర్ పేట తమను చేరినప్పుడే వెలుగుతాయి. అంటే కొత్త కాంతి పాత మెలిక వెంటే పుడుతుంది. సున్నం బొట్టు పెట్టిన పేట ఒక చుట్టు తిరిగేలోపు ఇదివరకులాగే 800 నానోమీటర్లు ముందుకు వెళ్తుంది. కానీ 25వ హార్మోనిక్ తరంగదైర్ఘ్యం 32 నానోమీటర్లే కాబట్టి, ఆ 800లో 25 పేటలు పడతాయి! మెలిక వాలు అదే, పేటలు మాత్రం పాతిక. 2012లో మొదటి ప్రయోగంలో ఈ లెక్క కుదరలేదు, ఒక్క పేటే కనిపించింది. 2014లో కెనడాలోని ఒట్టావాలో కొలిస్తే పేటలు పెరుగుతాయని తేలింది. మొదటి కొలత తేడా వచ్చినా ఆ లెక్కను వదలకుండా మళ్లీ కొలిచారు చూడండి, నాకు అది చాలా ఇష్టం.

మన జాతరల్లో కుడి పురి శంఖం లక్ష్మిని తెస్తుందని వేలకు వేలు పోసి కొంటారు. లక్ష్మి సంగతి అబద్ధం. కుడి పురికీ ఎడమ పురికీ తేడా ఉందన్నది మాత్రం నిజం: ఎక్స్‌రే కిరణం పురి మారితే కొన్ని అణువులు దాన్ని పీల్చుకునే తీరు మారుతుందని 2022లో కొలిచి చూపారు.

అన్నిసార్లూ పాతిక పేటలు అక్కర్లేదు. అప్పుడు రెండు లేజర్లను కాస్త వాలుగా కలుపుతారు. పురి లేనిదాని నుంచి 24 ఫోటాన్లు, పురి ఉన్నదాని నుంచి ఒకటి కలిస్తే పుట్టేది ఒంటిపేట వెలుగు. ఒక్కో కలయిక ఒక్కో దిక్కుకు పోతుంది కాబట్టి కావలసినదాన్ని ఏరుకోవచ్చు.

2019లో అమెరికా, స్పెయిన్ శాస్త్రవేత్తలు ఒంటిపేట లేజర్ పల్స్ వెంటనే రెండు పేటల పల్స్‌ను పంపారు. 17వ హార్మోనిక్ మొదట 17 పేటలతో బయల్దేరింది. రెండో పల్స్ బలపడే కొద్దీ దాని ఫోటాన్ల వాటా పెరిగింది: 18, 19, 20... తోక చేరేసరికి 34 పేటలు. ఇదంతా ఒకే ఒక్క మెరుపులో, సెకనులో ఊహకందనంత చిన్న వంతులైన ఫెమ్టోసెకన్లలో. పేనుతుండగానే పేటలు పెరిగే తాడు అది.