పుదుచ్చేరిలో రెండు రోజులు: బొటిక్ హోటళ్లపై అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి శని, ఆదివారాలకు పుదుచ్చేరి వెళ్లేవారికి బస, భోజనం ఏర్పాటు చేయడం నా పని. గోవా, ఊటీ చూసేసినవారు ఇప్పుడు అడిగేది ఒకటే: ఒక అందమైన ఊరు, ఒక చక్కని చిన్న హోటల్, మంచి తిండి. ఈ మూడూ కాలినడకన తిరిగేంత దూరంలో దొరికే ఊళ్లు దక్షిణాదిలో ఎక్కువ లేవు. ఉన్నవాటిలో పుదుచ్చేరికే నా ఓటు. అయినా అక్కడికి వెళ్లి ముఖం చిన్నబుచ్చుకుని వచ్చేవారూ ఉంటారు. తరచి అడిగితే దాదాపు ప్రతిసారీ ఒకే సంగతి బయటపడుతుంది. వాళ్లు హోటల్లో దిగుతున్నామనుకుని వెళ్లారు. ఆ ఊళ్లో మంచి బసల్లో చాలావరకు ఒకప్పుడు ఎవరో కాపురమున్న ఇళ్లు. ఇల్లన్నాక దానికో వయసు, దాని గోడల తీరు, దాని వంటింటి పద్ధతి ఉంటాయి. అవి తెలుసుకుని బయలుదేరితే ఆ రెండు రోజులూ వేరుగా గడుస్తాయి.

అపోహ: బొటిక్ హోటల్ అంటే ఫైవ్‌స్టార్ హోటల్‌కు చిన్న రూపం.

వాస్తవం: 1984లో న్యూయార్క్‌లో మోర్గన్స్ అనే హోటల్ తెరిచాక తనదైన తీరున్న చిన్న హోటల్‌కు బొటిక్ అన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. మన కేంద్ర పర్యాటక శాఖ హోటళ్లకు స్టార్ గుర్తింపు ఇస్తుంది, హెరిటేజ్ గుర్తింపు ఇస్తుంది. హెరిటేజ్ అనిపించుకోవాలంటే 1950కి ముందు కట్టిన భవనమై ఉండాలి, కనీసం అయిదు గదులుండాలి. బొటిక్ అన్న వర్గం ఆ పట్టికలో కనిపించదు. నిరుడు కట్టిన లాడ్జీకి పసుపు రంగు వేసి బొటిక్ అని బోర్డు తగిలించినా అడిగేవారుండరు.

అందుకే బుక్ చేసే ముందు నేను హోటల్‌కు తప్పకుండా ఫోన్ చేస్తాను. గది ఏ అంతస్తులో ఉంది, లిఫ్టు ఉందా, మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయి, కిటికీ వీధివైపు తెరుచుకుంటుందా, లోపలి ముంగిలివైపా, కరెంటు పోతే ఏసీకి జనరేటర్ ఉందా, కారు ఎక్కడ నిలపాలి అని అడుగుతాను. ఇవన్నీ వెబ్‌సైటులో కనిపించవు. ముఖ్యంగా ముంగిలి సంగతి అడగాలి. ఫొటోల్లో అందరినీ ఆకట్టుకునేది చెట్టు నీడన బల్లలు వేసిన ఆ ముంగిలే. చాలాచోట్ల అదే రెస్టారెంటు కూడా. బయటివారికీ ప్రవేశం ఉంటే రాత్రి పది దాటేవరకు గిన్నెల చప్పుడు, మాటల రొద చుట్టూ ఉన్న గదులన్నిటికీ వినిపిస్తాయి. చంటిపిల్లలున్నవారు, త్వరగా పడుకునే పెద్దలు ఉన్నవారు పై అంతస్తులో వెనకవైపు గది అడగడం మేలు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ, తాతయ్యలు వెంట వస్తుంటే కింది గది ముందుగానే ఖాయం చేసుకోవాలి. అలాంటి గదులు ఒక్కో హోటల్లో ఒకటో రెండో ఉంటాయి.

అపోహ: చూడదగ్గదంతా సముద్రంవైపు ఫ్రెంచివారి పేట అయిన వైట్ టౌన్‌లోనే ఉంది. కాలువ దాటితే అన్ని ఊళ్లలాంటి బజారే.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే. ఫ్రెంచివారు 1674లో ఇక్కడ స్థిరపడ్డారు. 1693లో డచ్చివారు పట్టుకుని ఆరేళ్లు ఉంచుకున్నారు. గీత గీసినట్టుండే వీధుల నమూనా వారు గీయించిందే. 1761లో ఆంగ్లేయులు ఊరిని నేలమట్టం చేశారు. ఇప్పుడు మనం ఫొటోలు తీసుకునే ఫ్రెంచి మేడలన్నీ ఆ తర్వాత, 1765 నుంచి మళ్లీ లేచినవి. సముద్రంవైపు తెల్లవారి పేట, కాలువకు ఇవతల తమిళుల పేట. ఎత్తయిన ప్రహరీ, పెద్ద గేటు, లోపల తోట, ఇల్లు వీధికి ముఖం చాటేయడం ఫ్రెంచి పద్ధతి. తమిళుల ఇల్లు వీధిలోకే వచ్చి కూర్చుంటుంది. బాటసారి కోసం పందిరిలాంటి తాళ్వారం, ఆ పైన అరుగు, చెక్కిన టేకు తలుపు, లోపల నాలుగువైపులా వసారాతో ఆకాశానికి తెరిచిన మండువా. గోదావరి జిల్లాల్లో మండువా లోగిలి ఎరిగినవారికి అక్కడ అడుగు పెట్టగానే ప్రాణం లేచివస్తుంది.

ఈ రెండు పద్ధతులూ కలిసిన ఇళ్లు ప్రపంచంలో వేరెక్కడా ఇంత దగ్గరదగ్గరగా చూడలేం. కింద తమిళుల అరుగు, చెక్క స్తంభాలు. పైన ఫ్రెంచివారి కమాను కిటికీలు, సున్నపు స్తంభాలు. వైశ్యాళ్ వీధికి వెళ్లి నిలబడండి. వరుసగా ఇళ్ల ముఖాలన్నీ బాగుచేసిన వీధి అది. పాత కట్టడాలను కాపాడే ఇన్‌టాక్ సంస్థ చేపట్టిన ఆ పనికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. దగ్గర్లోని పెరుమాళ్ కోయిల్ వీధిలో మెజోన్ పెరుమాళ్ అనే హోటల్ ఒకనాటి చెట్టియార్ల ఇల్లు. మండువా చుట్టూ గదులు, కింద భోజనశాల. మొదటిసారి వెళ్లేవారికి సైతం నేను ఒక రాత్రి తమిళుల పేటలో, ఒక రాత్రి సముద్రంవైపు చెబుతాను. పెట్టె సర్దుకోవడం విసుగనుకుంటే రెండు రాత్రులూ తమిళుల పేటలోనే ఉండి, సాయంత్రం నడిచి సముద్రానికి వెళ్లమంటాను.

తెలుగువారికి ఇక్కడ చూడవలసింది ఇంకొకటుంది. ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాసుకున్నారు. ఆయన తెలుగు కవులనూ ఆదరించారు. ఆయన పేరు మీద తెలుగులో ఒక ఛందోగ్రంథమే వెలిసింది. పెద్ద మార్కెట్టు దగ్గర ఆయన ఇల్లు నేటికీ ఉంది. హోటళ్లు ఎక్కువున్న వీధుల్లో ఒకదాని పాత పేరు బుస్సీ వీధి. 1757 బొబ్బిలి యుద్ధంలో విజయనగరం పక్షాన ఫిరంగులు నడిపించిన బుస్సీ ఆయనే. కాకినాడ పక్కనున్న యానాం ప్రజలకు రాజధాని కూడా ఈ ఊరే. అక్కడికి వెళ్తే పరాయిచోటు అన్న భావన నాకెప్పుడూ కలగలేదు.

అపోహ: గోడ పెచ్చులూడితే హోటల్‌వారు నిర్లక్ష్యం చేస్తున్నారని అర్థం.

వాస్తవం: పాత ఇళ్ల గోడలు ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. పైకప్పు టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో పోసిన మద్రాసు టెర్రస్. సున్నం గోడ తేమను పీల్చుకుని మళ్లీ వదులుతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లో నేల నుంచి గోడలోకి ఎక్కిన చెమ్మ ఆరేటప్పుడు ఉప్పును పైకి తెస్తుంది. నేల నుంచి మోకాలెత్తు వరకు తెల్లని పొడి, పొలుసుల్లా లేచిన రంగు కనిపించేది అందువల్లే. దాన్ని కప్పిపుచ్చడానికి సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని గోడను గుల్ల చేస్తుంది. తెలిసిన యజమానులు ఏటా వానలు వెళ్లాక సున్నం పని చేయిస్తారు. కాబట్టి మోకాలెత్తులో రంగు లేచిందని గది మార్చమనకండి. దుప్పటికి ముక్క వాసన పట్టినా, పైకప్పు మీద నల్లని మరక తడిగా కనిపించినా వెంటనే అడగండి. అది నిజంగానే నిర్లక్ష్యం. 2014లో సముద్రం ఒడ్డున ఉన్న పాత పురపాలక భవనం వానల్లో కూలిపోయింది. దాన్ని పూర్వపు రూపంలోనే తిరిగి కట్టారు. ఈ ఇళ్లను పట్టించుకోకపోతే ఏమవుతుందో అందరూ చూసిన ఉదాహరణ అది.

అపోహ: ఫ్రెంచి తిండి అంటే రొట్టె, జున్ను. మన నోటికి పట్టదు, శాకాహారులు పస్తులే.

వాస్తవం: వైట్ టౌన్ హోటళ్ల మెనూల్లో ఎక్కువగా కనిపించేవి పిజ్జా, పాస్తా, క్రెప్ అనే పల్చని అట్టు. వాటి కోసం అంత దూరం వెళ్లనక్కరలేదు. పుదుచ్చేరి సొంత వంట వేరే ఉంది. దాన్ని క్రియోల్ వంట అంటారు. ఫ్రెంచి, తమిళ కుటుంబాలు తరాల తరబడి పక్కపక్కనే బతికినందువల్ల పుట్టిన వంట అది. కారం తక్కువ, కొబ్బరిపాలు ఎక్కువ, మసాలాలు మనవే. ఫ్రెంచివారి చేపల పులుసు ఇక్కడికొచ్చి పసుపు, సోంపుతో కొత్త రుచి తెచ్చుకుంది. ఫ్రెంచి ఏలుబడిలో గుమాస్తాలుగా, సైనికులుగా సైగాన్ వెళ్లి తిరిగివచ్చిన కుటుంబాలు వియత్నాం వంటలను కూడా వెంట తెచ్చాయి. నూనెలో వేయించిన వియత్నాం రోల్స్ నేటికీ అక్కడి ఇళ్లలో పండుగ పూట చేసుకుంటారు.

ఈ వంటకు ఆయువుపట్టు వడవం. చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి, మినప్పప్పు, ఆవాలు, మెంతులు, జీలకర్ర, పసుపు, కరివేపాకు కలిపి, ఆముదం చేతికి రాసుకుని ఉండలు కడతారు. పగలంతా ఎండలో, రాత్రి మూతపెట్టి లోపల. మర్నాడు విప్పి, మళ్లీ కలిపి, మళ్లీ ఉండ కట్టి ఎండకు. ఇలా రోజుల తరబడి చేస్తే నల్లగా, గట్టిగా తయారవుతుంది. ఒక చిటికెడు వేడి నూనెలో పడగానే వంటిల్లంతా ఘాటెక్కుతుంది. ఫ్రాన్సులోని వంటవాళ్లు దీన్నే వదువాన్ అని చేపలకు, కూరగాయలకు వాడుతున్నారు. పెద్ద మార్కెట్టులో వడవం ఉండలు అమ్ముతారు. పప్పు పులుసు తాలింపులో వేసి చూడండి.

చిక్కేమిటంటే, క్రియోల్ వంట ప్రధానంగా ఇళ్లది. చాలా హోటళ్లలో మెనూలో ఒకటి రెండు పదార్థాలే ఉంటాయి. చిన్న హోటల్లో దిగినందుకు లాభం ఇక్కడే: ముందు రోజే వంటమనిషితో మాట్లాడి, రేపు రాత్రికి క్రియోల్ భోజనం కావాలని చెప్పవచ్చు. శాకాహారులైతే ఆ సంగతి స్పష్టంగా చెప్పండి, కూరగాయలతో కొబ్బరిపాల కూర, వడవం వేసిన పప్పు చేసిపెడతారు. ఉదయం టిఫిను మాత్రం ఒక్కరోజైనా హోటల్లో మానేసి నెహ్రూ వీధివైపు నడవండి. ఇడ్లీ, పొంగలి, ఫిల్టర్ కాఫీ తమిళ దేశంలో ఎంత బాగుంటాయో ఇక్కడా అంతే. రొట్టె కొనాలంటే పొద్దున్నే కొనాలి. పొడవాటి ఫ్రెంచి రొట్టె మధ్యాహ్నానికే గట్టిపడుతుంది.

అపోహ: సముద్రం ఎదురుగా గది తీసుకుంటే పిల్లలు రోజంతా నీళ్లలో ఆడుకోవచ్చు.

వాస్తవం: ఆ ఒడ్డున ఉన్నది ఎక్కువగా బండరాళ్లు. ఊరికి దక్షిణంగా అరియాంకుప్పం నది ముఖద్వారం దగ్గర 1980ల చివర్లో రేవు కోసం అలలను ఆపే గోడలు కట్టారు. ఉత్తరంగా కదిలే ఇసుకను అవి అడ్డుకున్నాయి. ఊరి తీరం కోసుకుపోతుంటే రక్షణగా రాళ్లు పోశారు. విశాఖలో ఆర్.కె. బీచ్‌కు ఇసుక తోడిపోయవలసి రావడం వెనకా ఇలాంటి కారణమే ఉంది. ఇటీవల నీటి అడుగున కట్ట వేశాక ఒకవైపు కొంత ఇసుక తిరిగి చేరింది, కానీ లోతు హఠాత్తుగా పెరుగుతుంది, స్నానాలకు తగదు. ఒడ్డు వెంట ఉన్న రోడ్డు నడకకు మాత్రం దివ్యం. సాయంత్రం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఏడున్నర దాకా వాహనాలు రానివ్వరు. మీ హోటల్ సరిగ్గా ఆ రోడ్డు మీదే ఉంటే ఆరులోపు చేరండి, లేకపోతే పెట్టెలు మోసుకుంటూ నడవాలి.

అపోహ: పుదుచ్చేరి పక్కనున్న ఆరోవిల్ అనే అంతర్జాతీయ ఊళ్లోని బంగారు గోళాన్ని దారిలో ఒక అరగంట ఆగి చూసేయవచ్చు.

వాస్తవం: ఆ గోళం పేరు మాతృమందిరం. దాని లోపలికి వెళ్లాలంటే ముందుగా నమోదు చేసుకోవాలి. బయటి నుంచి చూడాలన్నా సందర్శకుల కేంద్రంలో పాస్ తీసుకుని చెట్ల మధ్య దాదాపు కిలోమీటరు నడవాలి. సగం రోజు పెట్టుకోండి, కుదరకపోతే ఈసారికి వదిలేయండి.

అపోహ: వెళ్లడానికి డిసెంబరే మంచి నెల.

వాస్తవం: అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. ఇరవై నాలుగు గంటల్లో దాదాపు 48 సెంటీమీటర్ల వాన పడి వీధులు మునిగాయి. డిసెంబరు చివరి వారంలో వాన తెరిపిచ్చినా చెన్నై, బెంగళూరు జనంతో ఊరు కిక్కిరిసి అద్దెలు ఆకాశంలో ఉంటాయి. సంక్రాంతి దాటినప్పటి నుంచి మార్చి మొదటి వారం దాకా నా దృష్టిలో ఉత్తమం. ఉక్కపోతకు వెరవనివారికి జులై కూడా చెబుతాను. అప్పుడు అద్దెలు తగ్గుతాయి. జులై 14 ఫ్రెంచి జాతీయ దినం. ఫ్రెంచి పౌరసత్వమున్న పుదుచ్చేరి కుటుంబాలు ఆ రోజున సముద్రం ఒడ్డున ఉన్న యుద్ధ స్మారకం దగ్గర కలుస్తాయి.

అపోహ: తెర మీద కనిపించిన అద్దెలో కాస్త పన్ను కలుపుకుంటే ఖర్చు తేలిపోతుంది.

వాస్తవం: 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. గది అద్దె 7,400 అయితే మీరు చెల్లించేది 7,770. అద్దె 7,600 అయితే 8,968. రెండు వందల తేడా బిల్లులో దాదాపు పన్నెండు వందలవుతుంది. అద్దె 7,500కు కాస్త పైనున్న గదికి హోటల్‌వారిని నేరుగా ఫోన్‌లో అడిగితే కొన్నిసార్లు అద్దె కాస్త తగ్గిస్తారు. భోజనం లెక్క వేరు. కిందటి ఆర్థిక సంవత్సరంలో ఏ ఒక్క గదినైనా 7,500కు మించి ఇచ్చిన హోటల్లోని రెస్టారెంటులో తింటే 18 శాతం, మీరు అక్కడ దిగినా దిగకపోయినా. వీధిలోని మామూలు రెస్టారెంటులో 5 శాతమే. అందుకే నా ఏర్పాటులో హోటల్ భోజనం ఒక్క పూటే ఉంటుంది: ముందు రోజు చెప్పి చేయించుకున్న ఆ క్రియోల్ రాత్రి భోజనం.