అలసట కాలిదా, మెదడుదా? దూరాన్ని మరచిన వందేళ్ల వాదన

పరుగులో ముందు చేతులెత్తేసేది కండరమా, దాన్ని కదిలించే నాడీ వ్యవస్థా? వందేళ్లు దాటినా ఈ వాదన తెగలేదు. ఎంత దూరం పరిగెత్తాక అన్నది ఎవరూ గట్టిగా అడగకపోవడమే అందుకు ముఖ్య కారణమని నా నమ్మకం.

19వ శతాబ్దం చివర్లో ఇటలీలోని టురిన్‌లో శరీరధర్మ శాస్త్రవేత్త ఆంజెలో మోస్సో, కండరం అలసటను కొలిచే ఎర్గోగ్రాఫ్ అనే పరికరం తయారుచేశాడు. చేతిని కదలకుండా బిగించి, మధ్యవేలికి తాడుతో బరువు కట్టి, వేలు మడుస్తూ పైకి లాగించేవాడు. విద్యార్థులకు మౌఖిక పరీక్షలు పెట్టి వచ్చిన సహోద్యోగి వేలు తొందరగా అలసిపోయింది. ఆ వేలు అప్పటిదాకా చేసిన పనేమీ లేదు, అలసింది మెదడే!

ఇంత చక్కటి ఆధారాన్ని తర్వాతి తరం పక్కన పెట్టేసింది. 1907లో కేంబ్రిడ్జ్‌లో ఫ్లెచర్, హాప్‌కిన్స్ అలసిన కప్ప కండరంలో లాక్టిక్ యాసిడ్ పేరుకుంటుందని చూపారు. 1920లలో బ్రిటిష్ శాస్త్రవేత్త ఏ.వి. హిల్ మనుషుల పరుగునూ ఆక్సిజన్, లాక్టిక్ యాసిడ్‌ల లెక్కతోనే వివరించాడు.

1954లో మెర్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు అసలు మెలిక పట్టుకున్నాడు. బొటనవేలితో శక్తికొద్దీ నొక్కిస్తూ, మణికట్టు దగ్గర ఆ కండరానికి వెళ్లే నరానికి కరెంటు షాక్ ఇచ్చాడు. మెదడు నుంచి ఆజ్ఞ తగ్గి ఉంటే షాక్ తగలగానే బలం పెరగాలి. వేలు బాగా అలసిపోయాక కూడా పెరగలేదు. లోపం కండరంలోనే ఉందని తేల్చాడు. కానీ అది చిన్న కండరం, కొద్ది నిమిషాల పని.

ఇదే పద్ధతిని దూరపు పరుగుల తర్వాత తొడ కండరాలపై వాడితే కథ మారింది. తక్కువ దూరాన్ని వేగంగా పరిగెత్తితే దెబ్బ ఎక్కువగా కండరంలోనే. కండరం పనిచేసేటప్పుడు పుట్టే ఫాస్ఫేట్ లాంటి పదార్థాలు పేరుకుని సంకోచం బలహీనపడుతుంది, అందులో చాలా భాగం నిమిషాల్లోనే కోలుకుంటుంది. గంటలు గడిచేకొద్దీ మెదడు, వెన్నుపాముల నుంచి వచ్చే ఆజ్ఞ కూడా సన్నగిల్లుతుంది. గియోమ్ మిల్లే బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ 166 కిలోమీటర్ల కొండదారి పరుగు తర్వాత తొడ ముందుభాగం బలం దాదాపు 35 శాతం పడిపోయింది. ఆ కండరాన్ని పూర్తిగా పనిలోకి దింపే నాడీ సామర్థ్యమూ ఐదో వంతు వరకు తగ్గింది.

అలాగని దూరం రెట్టింపైతే అలసటా రెట్టింపవుతుందా? ఇటలీలో సుమారు 330 కిలోమీటర్ల టోర్ దె జియాన్ పరుగులో కొలిస్తే తొడ బలం తగ్గింది నాలుగో వంతే. అంత దూరం ముందుందని తెలిసినవాళ్లు మొదటి అడుగు నుంచే వేగం తగ్గించుకుంటారు.