చైనా కుర్రకారు, పాత హిందీ ప్రేమకథలు: అపోహలు - వాస్తవాలు

సబ్‌టైటిళ్లు రాయడం నా వృత్తి. చైనా ప్రేక్షకుల మాట వస్తే మా తోటివాళ్లు కూడా నమ్మే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: చైనాకు హిందీ సినిమా 'దంగల్'తోనే తెలిసింది.

వాస్తవం: 'ఆవారా' 1950ల్లోనే అక్కడ ఆడింది. 1970ల చివర్లో మళ్లీ వేస్తే ఇంకా పెద్ద హిట్. ఆ వెంటనే జితేంద్ర, ఆశా పరేఖ్‌ల 'కారవాన్' కోసం జనం ఎగబడ్డారు.

అపోహ: ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూసేదీ ఆ తరమే.

వాస్తవం: కాదు. షారుఖ్, కాజోల్‌ల 1990ల సినిమాలు అక్కడి కుర్రాళ్లకు పాత జ్ఞాపకం కాదు, కొత్త సరుకు. బిలిబిలి లాంటి సైట్లలో ఓ పాట ముక్క కంటబడుతుంది, నచ్చితే సినిమా వెతుక్కుంటారు. అక్కడ కామెంట్లు వీడియో మీదుగానే పరుగెడతాయి. ఏ సెకను దగ్గర రాస్తే ఆ సెకను దగ్గరే తర్వాత చూసేవాళ్లకూ కనిపిస్తాయి. హాస్టల్ గదిలో ఒంటరిగా ఫోన్ చూసేవాడికి కూడా నేల టికెట్‌లో కూర్చున్నట్టే.

మాకిది పెద్ద సాయం. 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే'లో కర్వా చౌత్ ఉపవాసం ఉన్న సిమ్రన్ కళ్లు తిరిగినట్టు నటించి రాజ్ చేతి నీళ్లు తాగుతుంది. ఉపవాసం విరమించేది భర్త చేతి నీళ్లతో అని తెలియకపోతే, పాపం ఆ పిల్ల నీరసంతో పడిపోయిందనుకుంటారు. రెండు సెకన్ల సబ్‌టైటిల్‌లో అదంతా చెప్పలేం. తెలిసినవాళ్లెవరైనా కామెంట్‌లో చెప్పేస్తే మా బరువు తగ్గుతుంది.

అపోహ: పాటలు కత్తిరిస్తే ఇంకా చూస్తారు.

వాస్తవం: పాటల కోసమే వస్తుంటే కత్తిరించడమేమిటి! అసలు లోపం మన దగ్గరే ఉంది. చాలా పాత ప్రింట్లలో పాట మొదలవగానే సబ్‌టైటిల్ మాయం. ఉన్నచోట కూడా హిందీ నుంచి ఇంగ్లీషుకు, అక్కణ్నుంచి చైనీస్‌కు. ఇంగ్లీషులోనే చప్పబడిపోయిన పాటను చైనీస్‌లో ఎవరూ లేపలేరు. నిర్మాతలు ముందు పాటలకు మళ్లీ సబ్‌టైటిళ్లు రాయించాలి.

అపోహ: థియేటర్లో పడకపోతే లెక్కలోకి రాదు.

వాస్తవం: వసూళ్లలో వాటా పద్ధతిలో వచ్చే విదేశీ సినిమాలకు 2012 నుంచి చైనా కోటా ఏడాదికి 34. సింహభాగం హాలీవుడ్‌దే. 'త్రీ ఇడియట్స్' 2011 డిసెంబర్‌లో థియేటర్లకు చేరేసరికే కుర్రాళ్లు నెట్‌లో చూసేశారు, అదీ ఎక్కువగా పైరసీలో. 2015లో 'పీకే' 10 కోట్ల యువాన్లు దాటడానికి, 2017లో 'దంగల్' ప్రభంజనానికి ఆమిర్ మీద అప్పుడు మొదలైన అభిమానమే పునాది. మన 'బాహుబలి' మొదటి భాగం 2016లో అక్కడి థియేటర్లకు వెళ్లినా పెద్దగా ఆడలేదు. అక్కడివాళ్లు నెట్‌లో ముందే చూసి ఇష్టపడిన ముఖం అందులో లేకపోవడమూ ఒక కారణమని నా అభిప్రాయం.